మూడు పసుపు తీగలు

మూడో బ్యాటరీ కూడా పోయింది.
దర్గా సర్కిల్ షాపాయన నన్ను అల్లంత దూరాన చూసే
బిల్లు పుస్తకం తెరుస్తాడిప్పుడు.
"ఈ కాలం బ్యాటరీలు ఇంతేనన్నా" అంటాడు.

తెల్లారి మూడున్నరకి చిత్తూరు బస్టాండులో
పేపరు కట్టలు కట్టుకుని గుడిపాల దారి పట్టేవాడికి
లైటు ఉండాల.
నా లైటు ముందు చక్రం దాకా వచ్చి
కూర్చుండిపోతుంది.
హారన్ కొడితే గొంతు పట్టేసిన కోడి.
కిక్కు కొట్టీ కొట్టీ కుడి మోకాలు
ఎడమదానికంటే లావైంది.

ఆదివారం. మురకంబట్టులో మా వాకిలి.
పక్కింటి తబస్సుమ్, పాలిటెక్నిక్ రెండో ఏడు,
కాలేజీ బ్యాగులోంచి మీటరు తీసి
ఎర్ర ముల్లూ నల్ల ముల్లూ నా చేతిలోనే పెట్టింది.
"నేను పట్టుకుంటే మీకెప్పటికీ రాదు మామా."

పన్నెండు పాయింట్ ఒకటి.
"ఆకలి మీదుంది. ఇప్పుడు స్టార్ట్ చేసి రేజ్ చెయ్యండి."
చేసినా. వీధంతా పొగ.
కమలాక్షి ఆరేసిన వడియాల చేట ఎత్తుకుని
నన్ను తిట్టుకుంటా లోపలికి పరిగెత్తింది.
అంకె పెరగలేదు. ఇంకా ఒక గింజ తగ్గింది.
"చూసినారా? మీరు దీన్ని మూడుసార్లు మార్చినారు.
దీనికి అన్నం పెట్టినోళ్ళే లేరు."

ఏడో తరగతిలో మొగిలప్ప
చివరి బల్ల మీద నిద్రపోయేవాడు.
అయ్యవారు కొట్టేది, వాడు లేచేది, మళ్ళీ నిద్రపోయేది.
ఎందుకో వాడు గుర్తొచ్చినాడు.
తబస్సుమ్‌కి చెప్పలేదు.

సీటు విప్పినాం. పక్క డబ్బా విప్పినాం.
ఇంజను కడుపులోంచి మూడు పసుపు తీగలు.
"ఏసీలో పెట్టండి. రెండేసి పట్టుకుని చూడండి."
ఒకటికీ రెంటికీ యాభై ఎనిమిది.
రెంటికీ మూటికీ యాభై ఏడు.
మూటికీ ఒకటికీ యాభై ఎనిమిది.
బండి ఆపి, ఒక ముల్లు తీగకి, ఒక ముల్లు ఇంజను ఒంటికి.
మీటరు గమ్మునుండింది.
"అరవకపోతేనే మంచిది మామా. కాయిల్ బాగుంది."

మరి వండింది ఎక్కడ పోతా ఉంది?

అగ్గిపెట్టంత తెల్ల ప్లాస్టిక్ ముక్క, సీటు కింద,
ఆ మూడు తీగలూ రెగ్యులేటర్‌ని కలిసే చోట.
రెండు రంధ్రాలు తెల్లగా.
మూడోది మాడిన బెల్లం పాకం రంగులో కరిగి
పక్కదాని మీదికి కారి గడ్డకట్టింది.
వేలు పెడితే పొడి రాలింది.
అంతా ఇక్కడిదాకా వచ్చి గడప దాటలేదు.

గుణశేఖర్ టీవీ షాపులో సోల్డరింగ్ కడ్డీ ఎరవు తెచ్చి
మాడిందాన్ని కోసేసి, తీగకి తీగ కలిపి,
నల్ల గొట్టం తొడిగి అగ్గిపుల్లతో వెచ్చజేసినా.
నా చేతులు వణికినాయి.
ఆ పిల్ల చూస్తా కూర్చుంది, చెయ్యి పెట్టలేదు.

పద్నాలుగు పాయింట్ రెండు.
జాస్తి రేజ్ చేసినా పద్నాలుగు దగ్గరే నిలబడింది.
"పదిహేను దాటితే అడగండి, అది వేరే రోగం."

రేపటిదాకా ఉంచుకోమన్న మీటరుతో
గడియారం సెల్లు చూసినా, రిమోటు సెల్లు చూసినా,
కొట్టంలో ఎప్పటిదో టార్చిలైటుది చూసినా.
"నా మీద పెట్టబాకు దాన్ని" అనింది కమలాక్షి.

సోమవారం.
లైటు రోడ్డు మీద చాప పరిచినట్టు పోయింది.
గుడిపాల ఇంకా రాకముందే ఒక మలుపు,
నాలుగు నెలలుగా రోజూ తిరిగే మలుపు,
దాని పక్కన తారు అంచుకి జానెడు దూరంలో
గోడ లేని బావి.

బండి నిలబెట్టి దిగినా. ఒక రాయి తీసి వేసినా.
ఇంజను చప్పుడులో ఏమీ వినపడలేదు.
ఎంత లోతో తెలియాలంటే ఇంజను ఆపాల.
ఆపితే మళ్ళీ స్టార్ట్ అవుతుందని
మీటరు చెప్పింది, నా కళ్ళతో చూసినా.
అయినా ఆపలేదు.